హేవలాక్ వంతెన గురించి పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రిగారూ, నమస్కారం.

రాజమండ్రి పాత రైలు వంతెన సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2025 జూన్‌లో, ఈ వంతెనను కూడా పర్యాటక స్థలంగా మార్చే అఖండ గోదావరి పథకానికి శంకుస్థాపన జరిగిన రోజు మేమూ సంతోషించాం. ఆ తర్వాత ఇచ్చిన అర్జీలకు మాత్రం జవాబు లేదు. ఏ ఆఫీసుకు వెళ్ళినా "పైనుంచి రావాలండీ" అంటున్నారు. అందుకే ఇలా నలుగురిలో అడగాల్సి వస్తోంది.

మా బాధ తుప్పు గురించి. గర్డర్ల (ఇనుప దూలాల) మీద రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. ఇనుప పలకలను కలిపి పట్టి ఉంచే రివెట్టు తలను గోటితో గీకితే ఎర్రటి పొడి రాలుతోంది. స్తంభాల రాళ్ళ సందుల్లో రావి మొక్కలు మొలిచాయి. ఆ వేళ్ళు ఊరుకోవు కదండీ, ఏటా కాస్త లావెక్కి రాయిని పక్కకు నెడుతూనే ఉంటాయి. వాటిని పీకించడానికి కోట్లు అక్కర్లేదు, నలుగురు కూలీలు చాలు.

కాశీలో గంగ మీద వంతెన కట్టిన ఇంజనీరు వాల్టన్ దొరే 1897 నవంబరులో ఇక్కడ పని మొదలుపెట్టారు. స్తంభాల పునాదుల కోసం నది అడుగున బావులు దించి, 150 అడుగుల స్పాన్లు (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు) 56 నిలబెట్టి, 1900 ఆగస్టులో రైలు నడిపారు. మూడేళ్ళు కూడా పట్టలేదు! అంతకు ముందు మద్రాసు వైపు నుంచి వచ్చినవాళ్ళు అవతలి గట్టున కొవ్వూరులో దిగి పడవెక్కాల్సిందే. విక్టోరియా రాణి కాలం నాటి ఆ వంతెన 1986 వరదను కూడా తట్టుకుంది. 1997లో రైళ్ళు ఆపేశారు. అప్పటి నుంచి నడక దారి అన్నారు, తోటలు అన్నారు, ఫుడ్ కోర్టులు అన్నారు. 2003 పుష్కరాలు వెళ్ళిపోయాయి, 2015 పుష్కరాలూ వెళ్ళిపోయాయి. వరద ఏమీ చేయలేని వంతెనను మన ఆలస్యం తినేస్తోందంటే కడుపు తరుక్కుపోతోంది.

మళ్ళీ 2027లో పుష్కరాలు. లైట్లు, దుకాణాలు తర్వాత చూసుకోవచ్చు. ముందు తుప్పు గీకించి రంగు వేయించండి, ఆ మొక్కలు పీకించండి. ఇనుము ఎంత మిగిలిందో ఇంజనీర్ల చేత పరీక్ష చేయించి, ఆ రిపోర్టు జనం ముందు పెట్టండి. అది తేలకుండా జనాన్ని పైకి ఎక్కిస్తారేమోనని మాకు టెన్షన్‌గా ఉంది. పని ఎప్పుడు మొదలై ఎప్పుడు పూర్తవుతుందో తేదీలు చెప్పండి. దయచేసి ఈసారైనా జవాబు రాయించండి.

ఇట్లు,
గోదావరి గట్టున ఉండే ఒక రాజమండ్రి వాసి