పొగ తూకం మాకు నేర్పించండి: పలాస నుంచి మంత్రి గారికి బహిరంగ లేఖ

రాష్ట్ర సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను పలాస-కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పదిహేడేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. బస్తా జీడి పిక్కలంటే 80 కిలోలు. అందులో పప్పు ఎంత దిగింది, గుండు ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత, కటింగ్‌లో ఎవరు ఎన్ని కిలోలు చేశారు, తొక్క ఎన్ని బస్తాలు బాయిలర్‌కు పోయింది, అన్నీ నా పుస్తకంలో ఉంటాయి. తెలిసి తప్పు లెక్క రాయడం నాకు అలవాటు లేదు. కిందటేడు మాత్రం ఒక తప్పు లెక్క నా చేత్తో రాసి, ఓనరు గారి సంతకం పెట్టించి పంపాను. ఆ బాధతోనే మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా పప్పు కొని విదేశాలకు పంపే ఒక ఎగుమతిదారు నుంచి ఫారం వచ్చింది. మీ యూనిట్ ఏడాదికి ఎన్ని టన్నుల గ్రీన్‌హౌస్ వాయువులు (భూమిని వేడెక్కించేవి) వదులుతోంది, స్కోప్ 1 ఎంత, స్కోప్ 2 ఎంత, వీలైతే స్కోప్ 3 ఎంత, పోలికకు ఏ సంవత్సరాన్ని ఆధారంగా పెట్టుకున్నారు, ఎప్పటికి ఎంత తగ్గిస్తారు అని అడిగారు. నాలుగు రోజులు గడువు. ఇది స్వచ్ఛందమే అని పైన రాసి ఉంది. నింపకపోతే ఆర్డరు ఆలస్యమవుతుందని ఫోన్‌లో చెప్పారు. పక్క ఫ్యాక్టరీ గుమాస్తాను అడిగితే, ఆయన ఇంకొకరు నింపిన ఫారం చూసి రాశానన్నాడు. నేను ఆయన అంకె చూసి, మా పిక్కల బస్తాలు తక్కువ కాబట్టి కాస్త తగ్గించి రాశాను. లక్ష్యం దగ్గర ఐదేళ్లలో 20 శాతం అని పెట్టాను. 10 రాస్తే తక్కువగా, 30 రాస్తే ఎక్కువగా కనిపించింది, అంతకు మించి దానికి ఆధారం లేదు. ఆ కాగితం ఇప్పుడు ఏ కంపెనీ నివేదికలో కలిసిపోయి ఉందో నాకు తెలియదు. దాన్ని ఎవరో నమ్మి ఉంటారన్నదే నన్ను నిద్రపోనివ్వలేదు.

ఆ తరువాత మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఆదివారాలు దీని గురించి చదివాను. చదివితే తెలిసిందేమిటంటే, ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. మా దగ్గర కాలేది స్కోప్ 1: జనరేటర్ డీజిల్, బాయిలర్‌లో వేసేది. కరెంటు ఆఫీసు నుంచి కొనేది స్కోప్ 2. మాకోసం ఎక్కడో ఎవరో కాల్చేది స్కోప్ 3: ఆఫ్రికా నుంచి పిక్కలు తెచ్చే ఓడ, విశాఖ రేవు నుంచి పలాసకు దాదాపు 200 కిలోమీటర్లు తిరిగే లారీ. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) వస్తుంది. మన దేశపు గ్రిడ్ నుంచి ఒక యూనిట్ కరెంటు వాడితే 0.7 కిలోల పైచిలుకు. ఈ రెండు అంకెలు, పన్నెండు నెలల కరెంటు బిల్లులు, డీజిల్ చీటీలు ఉంటే సగం ఫారం నిండుతుంది. బిల్లులు మా బీరువాలోనే ఉన్నాయి. ఆ రెండు అంకెలే ఎవరూ మాకు చెప్పలేదు.

నేను ఆగిపోయింది తొక్క దగ్గర. నూరు కిలోల పిక్కల్లో పప్పు ఇంచుమించు పాతిక కిలోలే, మిగిలిందాంట్లో ఎక్కువ భాగం తొక్కే. నూనె ఉన్న తొక్క కదా, బాగా మండుతుంది. మా బాయిలర్‌కు అదే మేత. ఆ పొగ మొత్తం లెక్కలో వేస్తే మా అంకె కొండంత అయింది. చెట్టు గాలిలోంచి తీసుకున్నదే మళ్లీ గాలిలో కలుస్తోంది కాబట్టి అసలు వేయక్కర్లేదని ఒకరన్నారు. రెండూ సరికాదు. 2001లో మొదట వచ్చి, 2004లో సవరించిన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ (కంపెనీలు ఈ లెక్క వేసే అంతర్జాతీయ పద్ధతి) ప్రకారం, ఇలాంటి జీవ ఇంధనం నుంచి వచ్చే బొగ్గుపులుసు వాయువును స్కోపుల్లో కలపకుండా పక్కన విడిగా చూపాలి. సరిగా కాలకపోతే వచ్చే మీథేన్, దానితోపాటు వచ్చే నైట్రస్ ఆక్సైడ్ మాత్రం స్కోప్ 1లోనే వేయాలి. మీథేన్ వేడిని పట్టి ఉంచడంలో, నూరేళ్ల లెక్కన, బొగ్గుపులుసు వాయువుకు సుమారు 28 రెట్లు. ఈ ఒక్క సంగతి తెలియక పలాసలో ఒక ఫ్యాక్టరీ తన అంకెను కొండంత చూపిస్తుంది, దాని పక్కదే సున్నా చూపిస్తుంది. రెండింటి బాయిలర్లూ ఒకేలా ఉంటాయి. రెండు ఫారాలూ ఒకే కొనుగోలుదారుకు వెళతాయి.

నేను ఆ బిల్లులు ముందేసుకుని కూర్చుంటే కటింగ్‌లో పని చేసే ఒక పెద్దావిడ చేతికి బూడిద రాసుకుంటూ వచ్చి, "పొగకి కూడా తూకమేటమ్మా?" అని అడిగింది. ఉందని చెప్పాను. "అయితే మా ఊపిరిలోకెల్లిందీ రాయమ్మా" అంది. ఆ లెక్క వేరే పుస్తకం. అయినా ఆమె మాట ఇక్కడ రాయకుండా ఉండలేకపోయాను.

లెక్క వేయడం వల్ల ఏమొచ్చిందని మీరు అడగవచ్చు. డీజిల్ చీటీలు నెలవారీగా పేర్చినప్పుడు ఒకటి బయటపడింది. కరెంటు కోత ఉన్న గంటలకంటే జనరేటర్ తిరిగిన గంటలు ఎక్కువ. ఎందుకని చూస్తే, షెడ్డులో ఉన్న కుర్రాడికి లైను వచ్చిన సంగతి తెలియడం లేదు. లైను వచ్చినా జనరేటర్ అలాగే తిరుగుతోంది. మెయిన్ లైనుకు ఒక బల్బు పెట్టించి, షెడ్డు నుంచి కనపడేలా గోడ మీద బిగించాం. బల్బు వెలిగితే జనరేటర్ ఆపాలి, అంతే. నెలకు 40 లీటర్ల దాకా డీజిల్ మిగులుతోంది. అంటే 108 కిలోల బొగ్గుపులుసు వాయువు, దానితోపాటు డబ్బు. ఇన్నేళ్లూ ఆ చీటీలు నా చేతుల మీదుగానే వెళ్లాయి. డబ్బు లెక్కగా చూసినంతకాలం నాకు అది కనపడలేదు.

మంత్రి గారూ, స్వచ్ఛంద కార్యక్రమం అంటే ఇష్టముంటే చేయి, లేకుంటే మానేయి అని వదిలేయడం కాదని నేను నమ్ముతున్నాను. అమెరికాలో 2002 నుంచి 2011 వరకు అక్కడి పర్యావరణ సంస్థ క్లైమేట్ లీడర్స్ అని ఒకటి నడిపింది. చేరడం కంపెనీ ఇష్టం. చేరాక మాత్రం కంపెనీ మొత్తానికి లెక్క తీయాలి, ఆధార సంవత్సరం పెట్టుకోవాలి, తగ్గింపు లక్ష్యం బయటికి చెప్పాలి. లెక్క ఎలా తీయాలో ప్రభుత్వమే దగ్గరుండి చూపింది. మన దేశంలో 2013లో పర్యావరణ పరిశోధన సంస్థలు డబ్ల్యూఆర్ఐ ఇండియా, టెరి, పరిశ్రమల సమాఖ్య సీఐఐ కలిసి ఇండియా జీహెచ్‌జీ ప్రోగ్రామ్ అని ఇలాంటి స్వచ్ఛంద లెక్కల కార్యక్రమమే మొదలుపెట్టాయి. మంచి పని. కానీ అలాంటి చోటికి వెళ్లేవి పెద్ద కంపెనీలు. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2022-23 నుంచి మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు బీఆర్ఎస్ఆర్ అనే పర్యావరణ, సామాజిక బాధ్యతల నివేదిక తప్పనిసరి చేసింది. దాంట్లో కూడా స్కోప్ 3 చెప్పడం వాళ్ల ఇష్టం. వాళ్ల స్కోప్ 3 ఎవరనుకుంటున్నారు? మాలాంటి వాళ్లమే. వాళ్లు చెప్పాలనుకున్న రోజున మాకు నాలుగు రోజుల గడువుతో ఫారం వస్తుంది.

ఐరోపా సమాఖ్య 2026 జనవరి నుంచి ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల వంటి వాటి దిగుమతిపై కార్బన్ లెక్క కట్టి రుసుము వేయడం మొదలుపెట్టింది. జీడిపప్పు ఆ జాబితాలో లేదు. కానీ జాబితాలో లేని సరుకుకు కూడా కొనేవాళ్లు లెక్క అడుగుతున్నారని మా టేబుల్ మీది ఫారమే సాక్ష్యం.

నేను అడిగేది పెద్ద బడ్జెట్టు పని కాదు. జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఈ లెక్క తెలిసిన మనిషిని ఒకరిని పెట్టండి. నెలకు మూడు రోజులు పలాసలో కూర్చోవాలి. తెలుగులో ఒకే ఒక్క కాగితం ఇవ్వండి: కరెంటు యూనిట్లు, డీజిల్ లీటర్లు, కట్టెలు, తొక్క బస్తాలు, లారీ కిలోమీటర్లు, వాటి పక్కన గుణించాల్సిన అంకెలు. జీడి తొక్కకు మన బాయిలర్లలో కొలిచి తీసిన అంకె ఒకటి కావాలి. ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ ఉంది, విజయనగరంలో జేఎన్‌టీయూ ఉంది, వాళ్ల విద్యార్థులను పంపితే మా ఫ్యాక్టరీలోనే కొలుచుకోవచ్చు, ఓనరు గారు ఒప్పుకున్నారు. ఏటా కొన్ని ఫ్యాక్టరీల లెక్కను అదే విద్యార్థులు బిల్లులతో సరిచూడాలి. సరిచూసేవాళ్లు లేకపోతే నేను రాసినలాంటి 20 శాతాలే మళ్లీ వస్తాయి. బయటి కన్సల్టెంటు ఒకరిని అడిగితే మా ఇద్దరు గుమాస్తాల ఏడాది జీతమంత చెప్పారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇక్కడ చాలామంది ఓనర్లకు భయం ఉంది. నిజం రాస్తే రేపు దాన్నే పట్టుకుని జరిమానా వేస్తారేమోనని. మొదటి మూడేళ్లు ఈ లెక్కను నేర్చుకోవడానికి మాత్రమే వాడతామని మీ శాఖ రాతపూర్వకంగా చెబితే చేరతారు. చిమ్నీ పొగ మీద కాలుష్య నియంత్రణ మండలి నిబంధనలు ఎలాగూ ఉన్నాయి, వాటిని సడలించమని నేను అడగడం లేదు.

పైడిభీమవరం, బొబ్బిలి వైపు ఉండే పెద్ద ఫ్యాక్టరీల సంగతి కూడా చూడండి. లిస్టెడ్ కంపెనీలు తమ అన్ని ప్లాంట్లకూ కలిపి ఒకే అంకె వేస్తాయి. పక్క ఊళ్లో ఉండేవాడికి తన ఇంటి వెనకాల ప్లాంటు పోయినేడు కంటే తగ్గించిందా పెంచిందా ఆ అంకెలో కనపడదు. స్వచ్ఛందంగా చేస్తున్నామని చెప్పుకునే కంపెనీ, ఆ ఊరి పంచాయతీ నోటీసు బోర్డు మీద తన ప్లాంటు అంకె ఒక్కటి పెట్టడానికి ఏం అడ్డం?

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీద పడింది. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు కూకటివేళ్లతో పడిపోయాయి. మా నాన్నగారు నాటిన జీడిచెట్లు వజ్రపుకొత్తూరు మండలంలో ఉండేవి. వారం తరువాత వెళితే చెట్టు ఏది, గట్టు ఏది తెలియలేదు. తుపాన్లు మాకు కొత్త కాదు. సముద్రం వేడెక్కేకొద్దీ వాటి బలం పెరుగుతుందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. జీడిమొక్క నాటితే కాపు నిలదొక్కుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఆ రైతు పిక్కల మీద బతికే ఫ్యాక్టరీలో కూర్చుని నేను పొగ లెక్కను ఊహించి రాశాను. ఇంకోసారి అలా రాయలేను.

ఏప్రిల్ 1న మేం కొత్త ఖాతా పుస్తకం తెరుస్తాం. ఈసారి చివరి నాలుగు పేజీలు పొగ లెక్కకు విడిచిపెట్టాను, గళ్లు కూడా గీసేశాను. తొక్క గడి పక్కన వేయాల్సిన అంకె మాత్రం ఖాళీగా ఉంది. మీ మనిషిని ఆలోగా పంపండి.

ఇట్లు,
ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ గుమాస్తా,
పలాస, శ్రీకాకుళం జిల్లా