దసరా దాకా గొలుసు విప్పకు

చి. కిట్టూకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నాన్న, నేను, నానమ్మ బాగానే ఉన్నాం. నాన్నకి మోకాలు నొప్పి కాస్త తగ్గింది, మేడ మెట్లెక్కొద్దంటే మాత్రం వినరు. మొన్న కొబ్బరి దింపు తీయించాం. వానలు వదలడం లేదు, పెరడంతా బురద. రమణ బావ రేపు రాత్రి బస్సుకి హైదరాబాదు వస్తున్నాడని తెలిసి, పచ్చళ్ళ సంచిలో ఈ ఉత్తరం కూడా పెడుతున్నాను. ఫోను చేస్తే తీయవు. మెసేజీ పెడితే బొటనవేలు బొమ్మ పంపిస్తావు. ఆ బొమ్మ చూసి నువ్వు అన్నం తిన్నావో, పస్తున్నావో నాకెలా తెలుస్తుంది నాన్నా?

సంచిలో గోంగూర, మాగాయ ఉన్నాయి. గోంగూరలో ఉల్లిపాయ వేశాను, నీ కుక్కపిల్ల జున్నుకి ఒక్క మెతుకు కూడా పెట్టకు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తాన్ని పాడుచేస్తాయి. దాని ముద్దలో వట్టి అన్నం, ఉడకబెట్టిన చికెన్ చాలు. పాత నూలు చీరలు రెండు చింపి పెట్టాను, అవి దాని కిందికి. సోఫా మీద పడుకోబెట్టి తర్వాత మరకలైపోయాయని దాన్ని కసురుకోకు.

చవితి రోజు నాన్నకి ఒక్క ముక్క మెసేజీ పెట్టావు, జున్నుకి బ్లీడింగ్ మొదలైందని. ఆ తర్వాత మాటా మంతీ లేదు. సత్యవతి నిశ్చితార్థానికి వెళ్తే అక్కడ వాసు బాబాయ్, "వదినా, మీవాడు కుక్కపిల్లల బేరం పెడుతున్నాడట కదా, ఎవరో స్నేహితుడి మగ లాబ్రడార్‌తో జత కట్టిస్తున్నాడట" అన్నాడు. బాబాయ్ మాటల్లో సగం గాలివని నాకు తెలుసు. నేను నమ్మలేదు. నమ్మలేదు గానీ భోజనం సయించలేదు.

పోనీలే, అది అలా ఉంచు. సత్యవతికి కుదిరిన సంబంధం మంచిదే, అబ్బాయి కాకినాడలో బ్యాంకు ఉద్యోగం. పెళ్లి మాఘమాసంలో. నీకు సెలవు దొరుకుతుందో లేదో ఇప్పుడే చూసుకో.

నిన్న పనిమీద బజారుకి వెళ్ళి, దారిలోనే కదా అని పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మని కలిసి వచ్చాను. జున్నుకి ఇంకా పది నెలలు కూడా నిండలేదంటే ఆవిడ ముందు చెప్పిన మాట ఏంటో తెలుసా? రక్తం ఆగగానే అయిపోయిందనుకోవద్దని చెప్పండి అమ్మా అంది. మనుషుల్లో లాగా కాదు కిట్టూ. ఆడవాళ్ళకి నెలసరి వేరు, కుక్కకి ఎద వేరు. కుక్కకి ముందు రక్తం కనపడుతుంది, సుమారు తొమ్మిది రోజులు. అప్పుడు మగకుక్కలు వెంట పడినా అది దగ్గరికి రానివ్వదు, కరుస్తుంది కూడా. ఆ తర్వాత ఎరుపు తగ్గి, మాంసం కడిగిన నీళ్ళలా పలచబడుతుంది. అదిగో, అసలు ఎద అప్పుడే. అదీ ఇంకో తొమ్మిది రోజులు. కొన్నింటికి మూడు రోజుల్లో ముగుస్తుంది, కొన్నింటికి మూడు వారాలు సాగుతుంది. తోక మొదట్లో వీపు మీద చెయ్యి వేసి చూడు. తోక పక్కకి తప్పించి కదలకుండా నిలబడితే ఇక గుమ్మం దాటించేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. చవితి నుంచి లెక్కేస్తే నీ చేతికి ఈ ఉత్తరం అందేసరికి సరిగ్గా ఆ రోజుల్లోనే ఉంటుంది. అందుకే ఈ హడావిడి.

నీకు రాణి గుర్తుండదు, నువ్వు పుట్టకముందు సంగతి. తాతయ్య దాన్ని తణుకు సంత నుంచి తువ్వాల్లో చుట్టి తెచ్చారట. నేను కాపురానికి వచ్చేసరికి ఈడుకొచ్చిన కుక్క. ఎదకొస్తే ధాన్యం గదిలో కట్టేసేవాళ్ళు. ఆ ఏడు కూడా అలాగే కట్టేశారు. రక్తం ఆగింది, గది నేల శుభ్రంగా కనపడింది. పెద్దత్త కుంకుడుకాయ రసంతో తలస్నానం చేయించి, పాపం ఎన్నాళ్ళు కట్టేస్తామని గొలుసు విప్పింది. పెరటి తలుపు వేసే ఉంది. రాణి ఆ తలుపు వైపు కూడా చూడలేదు, పాకలోకి వెళ్ళి గడ్డిమేటు ఎక్కి గోడ దూకింది. సూరిగాడు పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పేసరికి చెరువుగట్టు మీద ఓ నల్లకుక్కతో ముడిపడి ఉంది. పిల్లలు రాళ్ళు తీశారు, ఎవరో బిందెతో నీళ్ళు తెచ్చారు. తాతయ్య గొడుగు అడ్డంపెట్టి నిలబడి, ఎవడైనా రాయి విసిరితే చేయి విరుస్తానన్నారు. మగకుక్క అంగం లోపల ఉబ్బి ఇరుక్కుపోతుంది, పది నిమిషాలో అరగంటో ఆగితే అదే విడిపోతుంది, బలవంతంగా లాగితే రెండూ చీరుకుపోతాయి. వర్షం తుంపర పడుతున్నా అవి విడిపోయేదాకా ఆయన కదల్లేదు. ఆ మర్నాడు ఎవరూ చూడనప్పుడు ఇంకో కుక్క కూడా జత కట్టినట్టుంది, ఎందుకంటే రెండు నెలలు దాటి ధాన్యం గదిలో ఈనితే నాలుగు నల్లవి, రెండు ఎర్ర చారలవి. ఒకే కాన్పులో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టడం కుక్కల్లో ఉన్నదే. అందులో మూడు పిల్లల్ని ఊళ్ళో వాళ్ళు తీసుకున్నారు. మిగతావి ఏమయ్యాయో చెప్పడం నాకిష్టం లేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీ అపార్ట్‌మెంట్ గేటు బయట ఎన్ని వీధికుక్కలు ఉంటాయో నేను కళ్ళారా చూశాను. అవి ఎంత దూరం నుంచైనా వాసన పట్టేస్తాయి. గ్రిల్లు అడ్డం ఉందిలే అనుకోకు, సందులోంచి కూడా జత కట్టేస్తాయి. వీధికుక్కల్లో జత కట్టినప్పుడు అంటుకునే గడ్డల కాన్సర్ ఒకటుందట, అదొక భయం. నిమజ్జనాల డప్పులకి బెదిరి గొలుసు లాక్కుని పారిపోతే పట్టుకోలేవు. మెడపట్టీ కాకుండా ఛాతీకి కట్టే బెల్టు వెయ్యి. తెల్లవారుజామునే, జనం లేనప్పుడు కిందికి తీసుకెళ్ళు. లిఫ్టు తలుపు తెరుచుకునేటప్పుడు గొలుసు చేతికి రెండు చుట్లు చుట్టుకో. వాచ్‌మన్‌కి చెప్పి ఉంచు. డైపర్ కడితే కట్టు, కానీ అది పిల్లలు పుట్టకుండా ఆపదు, ఒంటికి పోయగానే మార్చు. గోరువెచ్చని నీళ్ళతో తుడు, డెట్టాల్ వెయ్యకు. చీటికీ మాటికీ ఒంటికి వెళ్తానంటుంది, తిండి మానేస్తుంది, మూలకి వెళ్ళి పడుకుంటుంది. ఈ దశలో అవన్నీ మామూలే. నీ ఆఫీసు కోపం దాని మీద చూపించకు.

నువ్వు ఇలాంటి పని చేస్తావని నేను అనుకోను. ఒకవేళ ఎవరైనా, ఒక్క కాన్పయితే ఆరోగ్యానికి మంచిది అని నీ చెవిలో వేసి ఉంటే అది శుద్ధ అబద్ధం. దానివల్ల ఏ మేలూ లేదు. అది ఇంకా పిల్ల, తుంటి ఎముకలు గట్టిపడలేదు. కుక్కల్ని జత కట్టించి అమ్మేవాళ్ళకి 2017లో కేంద్రం నియమాలు పెట్టింది, రిజిస్ట్రేషన్ ఉండాలి, 18 నెలలు నిండని కుక్కని జత కట్టించకూడదు. ఇది డాక్టరమ్మ చెప్పిందే. పుట్టిన ఏడెనిమిది పిల్లల్ని నువ్వు ఆ రెండు గదుల ఇంట్లో ఎక్కడ పెడతావు? వాటికి రాత్రిళ్ళు మేలుకునేది ఎవరు? నీకు డబ్బు అవసరం పడితే నాన్నకి చెప్పు, కుక్క కడుపు మీద సంపాదించొద్దు.

ఎద ఆపే ఇంజెక్షన్ ఉందని కూడా చెప్తారు. వెయ్యించకు. అలాంటి ఇంజెక్షన్లతో గర్భసంచికి చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. మన చేయి జారి ఒకవేళ జత కట్టేస్తే దాచిపెట్టకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. మగకుక్క వీర్యం ఐదారు రోజులు లోపల బతికే ఉంటుంది, చూద్దాంలే అని కూర్చోవద్దు. మెడికల్ షాపులో మాత్రలు నీ అంతట నువ్వు కొనకు.

చీము సంగతి రాశాను కదా, అది కూడా రాణిదే. ముసలిదైపోయాక ఎద అయిపోయిన నెలకి కుడితి తొట్టిలో నీళ్ళు గటగటా తాగేది. ఎండాకాలం కదా అన్నారు అంతా. తిండి మానేసింది, వాంతులు, ఒళ్ళు కాలిపోయింది. ఆసుపత్రికి ఎడ్లబండి మీద తీసుకెళ్ళేసరికి పొట్ట ఉబ్బి ఉంది, ఆపరేషన్‌కి ఒళ్ళు నిలవలేదు. తాతయ్య ఆ తర్వాత కుక్కని పెంచలేదు. దసరా నుంచి కార్తీకం దాకా జున్ను నీళ్ళగిన్నె మీద ఓ కన్నేసి ఉంచు. నీళ్ళు ఎక్కువ తాగినా, మందంగా పడుకున్నా, కింద నుంచి చీములా కారినా మర్నాటి దాకా ఆగకు. ఆ గర్భసంచి తీసేయడమే దానికి వైద్యం. వయసు మీదపడిన కుక్కల్లోనే ఎక్కువ, చిన్నవాటికీ రాదని లేదు.

దీపావళి వేళకి ఇంకో వింత చూస్తావు. కడుపు లేకపోయినా పాలు రావడం, బొమ్మని పిల్లలా పక్కలో పెట్టుకోవడం, మంచం కింద గోకి పడక చేసుకోవడం. పాలు పిండకు, పిండితే ఇంకా వస్తాయి. రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది, రొమ్ము గట్టిపడి ఎర్రబడితేనే చూపించు. టపాసుల రాత్రి దాన్ని ఒంటరిగా వదిలి ఎక్కడికీ వెళ్ళకు.

కుక్కకి ఎద ఆరేడు నెలలకోసారి వస్తూనే ఉంటుంది, మనుషుల్లా ఫలానా వయసుకి ఆగిపోదు. ఏటా ఈ తంటా నువ్వు పడలేవు, అదీ పడలేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేద్దాం. ఎదలో ఉన్నప్పుడు రక్తం ఎక్కువ పోతుంది కాబట్టి రెండు మూడు నెలలు ఆగాలి, పాలు ఉంటే అవి ఎండాక. లాబ్రడార్ పెద్ద జాతి కనక కీళ్ళ కోసం ఏడాది దాటనిమ్మని కూడా కొందరు డాక్టర్లు అంటారట, మీ డాక్టర్ని అడుగు. రెండో ఎద రాకముందే చేయిస్తే రొమ్ము గడ్డల భయం కూడా చాలా తగ్గుతుందట. నా లెక్కకి మార్గశిరం సరిపోతుంది.

కుట్లు మానేదాకా నాకుకోకుండా మెడకి గరాటా కడతారు, మందులు వెయ్యాలి, గెంతకుండా చూడాలి. నువ్వు ఆఫీసుకి వెళ్తే ఎవరు చూస్తారు? నేను వచ్చి ఉంటాను. నాన్నకి, నానమ్మకి వంట సంగతి సత్యవతి వాళ్ళమ్మ చూసుకుంటానంది. నువ్వు తేదీ చెప్తే రైలు టికెట్టు తీయించుకుంటాను, కింది బెర్తు దొరకాలి. ముందు ఆ స్నేహితుడి కుక్క సంగతి బాబాయ్ అన్నది నిజం కాదని ఒక్క ఫోను చెయ్యి. మెసేజీ వద్దు, నీ గొంతు వినాలి. పచ్చడి సీసాలు కడిగి, బాగా ఆరబెట్టి రమణ బావకే ఇచ్చి పంపు, మూతలు మర్చిపోకు.

అమ్మ