క్యారమ్స్ సంఘం, విజయవాడ: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది సంఘం పనిలో ముప్పాతిక వంతు డాక్యుమెంటరీకే పోయింది. పోటీల్లో క్యారమ్స్ ఎలా ఆడతారో, ఆడేవాళ్ల చెయ్యి, కన్ను, లెక్క ఎలా నడుస్తాయో చూపించే అరగంట సినిమా అది. ఎడిటింగ్ అయిపోయింది, సబ్‌టైటిల్స్ మిగిలాయి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు కనుక ఇక్కడ పని సంగతే రాస్తున్నాం.

మొదటి కూర్పు సభ్యుల ఇళ్లవాళ్లకు వేసి చూపించాం. ఒక్కరికీ స్కోరు అర్థం కాలేదు. తప్పు వాళ్లది కాదు. మన ఇళ్లలో ఆడేది పాయింట్ల ఆట: నలుపు 10, తెలుపు 20, రెడ్ 50. పోటీలో ఎవరి రంగు వాళ్లదే. తనవి ముందుగా ఖాళీ చేసినవాళ్లకు, ఎదుటివాళ్ల కాయిన్లు బోర్డు మీద ఎన్ని మిగిలితే అన్ని పాయింట్లు. రెడ్ వేసి, వెంటనే తన కాయిన్ కూడా వేసి ఫాలో పెట్టినవాళ్లే బోర్డు (అంటే ఆ రౌండు) కూడా గెలిస్తే ఇంకో 3. 25 పాయింట్లు, లేదా 8 బోర్డులు, ఏది ముందైతే అక్కడితో గేమ్ ముగుస్తుంది. మూడు గేముల్లో రెండు కొట్టినవాళ్లదే మ్యాచ్.

చిక్కంతా చివర్లో వచ్చింది. 22 మీద ఉన్న ఆటగాడు రెడ్ వేశాడు, ఫాలో పడింది, ఎదురుగా రెండు నల్లకాయిన్లు ఉండగానే బోర్డు ముగించాడు. చూసేవాళ్లు 27 అని లెక్కేసి చప్పట్లు కొట్టారు. వచ్చింది 24. 21 దాకానే రెడ్‌కి 3 పాయింట్లు. 22కి చేరాక రెడ్ వేయక తప్పదు గానీ దానికి పాయింట్లుండవు. సినిమాలో అసలైన ఉత్కంఠ అదే, మా మొదటి కూర్పులో అది గాలికి పోయింది. ఇప్పుడు తెర మూలన స్కోరు ఎప్పుడూ కనిపిస్తుంది, 22 రాగానే రెడ్ బొమ్మ మీద గీత పడుతుంది. డబుల్స్, కట్‌షాట్లు లాంటి దెబ్బలు ఎన్ని చూపించినా ఈ లెక్క తెలియకపోతే అది ఉత్త గారడీ.

షూటింగ్‌లో ఎక్కువ ఏడిపించింది లైటు. బోర్డు నడిమధ్యన, నెత్తిమీద లైటు వేలాడాలి, లేదంటే బోర్డు ఫ్రేమ్ నీడ అంచు కాయిన్ల మీద పడుతుంది. కెమెరాకి కావలసిన చోటూ అదే. కాస్త పక్కకు జరిపితే పాలిష్ మీద తెల్లటి మెరుపు మచ్చ వచ్చి రెడ్‌ని మింగేస్తుంది. మ్యాచ్ జరుగుతుండగా లైటు ముట్టుకోకూడదని ముందే అనుకున్నాం. అందుకే అసలు మ్యాచ్‌ని అంపైర్ భుజం ఎత్తు నుంచి తీశాం. పైనుంచి కావలసిన షాట్లు మర్నాడు రెండు పక్కల లైట్లు పెట్టి, బటర్ పేపర్ కట్టి విడిగా తీశాం. అవి మళ్లీ ఆడించినవని తెర మీద రాశాం.

స్లోమోషన్‌లో చారలు పడ్డాయి. మన కరెంటు 50 హెర్ట్జ్; ఆ లెక్కన చవక ఎల్‌ఈడీ సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది. సెకనుకు 120 ఫ్రేముల్లో తీస్తే ఆ మిణుకు పట్టుబడుతుంది. 100 ఫ్రేములకు తగ్గించి, షట్టర్ 1/100 సెకను పెట్టాక పోయింది. ఆ షాట్‌లోనే వేలు స్ట్రైకర్‌ని కొట్టిందా, తోసిందా అన్నది స్పష్టంగా తెలుస్తుంది. గీతల చివర వృత్తాన్ని స్ట్రైకర్ సగమే కప్పి ఉండటం కూడా. అంపైర్ల శిక్షణకు ఈ రెండు షాట్లూ విడిగా దాచాం.

శబ్దానికి చిన్న కాలర్ మైకుని బోర్డు అడుగున, మూలకు దగ్గరగా టేపుతో అంటించాం. పైన పెడితే దెబ్బకి శబ్దం చీలిపోయింది. ఫ్యాను ఆపక తప్పలేదు, హోరు ఒకటి, పౌడర్ ఎగరడం మరొకటి. బెజవాడ ఎండల్లో ఫ్యాను లేకుండా ఎవరాడతారు? అందుకే ఉదయం 6 నుంచి 9 దాకానే తీశాం. బోరిక్ పౌడర్ లెన్సు మీద పడితే బట్టతో తుడవకండి, గీతలు పడతాయి. గాలిబుడ్డితో ఊదాలి.

సినిమా మధ్యలో 1991, 1995 ప్రపంచ ఛాంపియన్ మరియా ఇరుదయం గురించీ, 2024 నవంబరులో అమెరికాలో మూడు బంగారు పతకాలు గెలిచిన చెన్నై అమ్మాయి కాజిమా గురించీ క్లుప్తంగా చెప్పాం.

ఇక బోర్డులు. సెప్టెంబరు మొదట్లో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌లోకి వచ్చినప్పుడు గోడకి చేరేసి ఉంచినవన్నీ మునిగాయి. ప్లైవుడ్ పొరలు విడిపోయి మధ్యలో ఉబ్బింది, ఫ్రేమ్ మూలలు తెరుచుకున్నాయి. తొందరపడి కొన్నింటిని ఎండలో పెట్టాం, అవి విల్లులా వంగాయి. నీడలో, అడుగున పుల్లలు పెట్టి పరిచినవి కొన్ని ఇంట్లో ఆడుకోవడానికి పనికొస్తాయి, పోటీకి కాదు. పోటీ బోర్డుకి పరీక్ష ఒకటే: 15 గ్రాముల స్ట్రైకర్‌ని గట్టిగా కొడితే అటూ ఇటూ కనీసం మూడున్నర పరుగులు తీయాలి. తడిసినవి రెండు దాటలేదు. చెక్క కాయిన్లు ఆరాక బరువు 5 నుంచి 5.5 గ్రాముల మధ్య ఉన్నా గుండ్రం పోయింది. అంచు మీద దొర్లిస్తే ఊగుతూ పడిపోతున్నాయి. యాక్రిలిక్ స్ట్రైకర్లకు, వలలకు ఏమీ కాలేదు. ఆ ఉబ్బిన బోర్డు సినిమాలో నలభై సెకన్లుంది. అంతకు మించి వద్దనుకున్నాం, ఇది వరద సినిమా కాదు.

సబ్‌టైటిల్స్‌లో ఒక పేచీ తేలలేదు. రెడ్‌ని రాణి అని రాయాలని కొందరు, ఈ ఊళ్లో రాణి అని ఎవరంటారని కొందరు. కార్యవర్గం రెడ్ వైపే ఉంది. సమావేశంలో చేతులెత్తించి తేల్చుకుందాం.

వచ్చేటప్పుడు ఎవరి స్ట్రైకర్ వాళ్లు తెచ్చుకోండి. బల్ల మీద తూకం యంత్రం, కొలత పట్టీ ఉంటాయి. 15 గ్రాములు దాటినా, వ్యాసం 4.13 సెంటీమీటర్లు దాటినా వచ్చే పోటీలకు అనుమతించం.

కార్యవర్గం