నెల్లూరు జిల్లా రవాణా అధికారి గారికి ఒక డ్రైవర్ బహిరంగ లేఖ

సార్ నమస్కారం, నేను కావలిలో ట్యాక్సీ తోలుతా. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 194బీ సెక్షన్ ప్రకారం సీటు బెల్టు పెట్టుకోని ప్యాసింజర్‌ని ఎక్కించుకుంటే 1000 రూపాయల ఫైన్ డ్రైవర్‌కే, 14 ఏళ్లలోపు పిల్లలకి పెట్టకపోయినా డ్రైవర్‌కే, పిల్లల సంగతి ఒప్పుకుంటా సార్. కానీ వెనక సీట్లో పెద్దాయన "ఒంగోలు దాకేగా, పోనీవయ్యా" అంటే నేనేం చెయ్యాల, బండి ఆపితే బాడుగ పోద్ది, పోనిస్తే చలానా. కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో 138 రూల్ వెనక కూర్చున్నోళ్లని కూడా పెట్టుకోమనే చెప్తోంది కదా, 2022లో టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ అంతటాయన కారు ప్రమాదంలో వెనక సీట్లో బెల్టు లేకుండానే చనిపోయాడు. 16వ నంబర్ హైవేలో టోల్‌గేట్ల కాడ చెక్ చేసేటప్పుడు వెనక డోర్ కూడా తీయించి వాళ్లకీ గట్టిగా చెప్పించండి సార్, సీటు కవర్ల కింద బెల్టు తగిలించే బకిల్ కప్పేసిన బండ్లని కూడా ఆపండి.