లాడ్జి గదిలో వయసు అడిగేవాళ్లు లేరు

సంపాదకుడు గారికి,

పద్దెనిమిది నిండని పిల్లలకు లింగమార్పిడి ఆపరేషన్లు చేయవచ్చా అని మీ పత్రికలో వస్తున్న ఉత్తరాలు వరసగా చదువుతున్నాను. అమెరికా కోర్టు తీర్పు, ఇంగ్లండు నివేదిక, మన సంస్కృతి అన్నీ వచ్చాయి. ఆపరేషన్ థియేటర్ గుమ్మంలో కన్సెంట్ ఫారం (సమ్మతి పత్రం) పట్టుకుని నిలబడే మనిషి మాట మాత్రం ఎక్కడా రాలేదు. ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా ఆ పని చేశాను కాబట్టి రాస్తున్నాను.

నేను పనిచేసిన ఊళ్లలో ఒకచోట, నైట్ డ్యూటీలో, రెండు దాటాక ఆటోలో ఒక పిల్లవాణ్ణి తెచ్చారు. ఒంటి మీద లంగా. నడుము కింద చుట్టిన తువ్వాలు నానిపోయి బరువెక్కింది. విప్పుతుంటే కోత మీద అద్దిన పసుపు ముద్దలు ముద్దలుగా ఊడి వచ్చింది. బయటే ఎవరో అంగం కోసేశారు. వయసు పందొమ్మిది అని వెంట వచ్చిన పెద్దావిడ చెప్పింది. గుర్తింపు కాగితం కోసం చేతిసంచి తెరిస్తే పదో తరగతి మార్కుల మెమో దొరికింది. పుట్టిన తేదీ చూసి లెక్కేస్తే పదహారు నిండి రెండు నెలలు. లెక్కల్లో ఎనభై తొమ్మిది మార్కులు. అదెందుకు గుర్తుండిపోయిందో తెలియదు.

ఫారంలో సంరక్షకుల సంతకం కావాలి. "నేనే అమ్మని, వేలిముద్ర వేస్తా" అంది పెద్దావిడ. కాగితం లెక్క ప్రకారం ఆమె ఎవరూ కాదు. ప్రాణాపాయం అని కేస్‌షీట్‌లో రాసి ఇద్దరు డాక్టర్లు సంతకాలు పెట్టాక లోపలికి తీసుకెళ్లాం. తండ్రి మూడో రోజు వచ్చాడు. వార్డులోకి రాలేదు. సైకిల్ స్టాండు దగ్గర నిలబడి, నన్ను పిలిపించి, "మళ్లీ కుట్టి పెట్టడానికి కుదురుతుందా మేడం" అని అడిగాడు.

ఆ బిడ్డ బతికింది. (బతికింది అని ఇప్పుడు రాస్తున్నాను. అప్పటి రికార్డులో అంతా "బతికాడు" అనే ఉంటుంది.) మూత్రం దారి పూడుకుపోతోందని ఆ తర్వాత రెండేళ్ల పాటు వస్తూనే ఉండేది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పద్దెనిమిది లోపు కత్తి పెట్టకూడదు. ఆ పిల్లల మాట అబద్ధమని కాదు. వృషణాలు తీసేస్తే పిల్లలు కలిగే అవకాశం పోతుంది, ఎముకలు గుల్లబారకుండా ఏళ్ల తరబడి హార్మోన్లు వాడుతూ ఉండాలి. ఈ సంగతి పదహారేళ్లకు అర్థమవుతుందేమో గానీ, ఇంట్లోంచి తరిమేసిన పదహారేళ్ల వాళ్లకు ఎంచుకునే వీలెక్కడిది? అన్నం పెట్టే హిజ్రాల గుంపు "నిర్వాణం (అంగం తీసేయడం) అయితేనే మాలో మనిషివి" అంటే సరేననడం తప్ప గత్యంతరం ఉండదు. దాన్ని సమ్మతి అనలేను.

మీసం మొలిచి గొంతు మారే వయసులో ఆ పిల్లలు పడే నరకం మాటేమిటి, ఆగమంటే ప్రాణాలు తీసుకోరా అని నాకు తెలిసిన ట్రాన్స్ మహిళలే నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మీసం, గొంతు హార్మోన్ల పని. వాటిని ఆపే ఇంజెక్షన్లు ఇవ్వాలా వద్దా అన్నది వేరే చర్చ, పెద్ద డాక్టర్లకే దాని మీద ఏకాభిప్రాయం లేదు. కొందరు పాఠకులు రెండూ కలిపేసి రాస్తున్నారు. ఇంగ్లండు ప్రభుత్వ వైద్యంలో పద్దెనిమిది లోపు ఈ ఆపరేషన్లు చేయరు. ఆ వైద్యం పిల్లలకు ఎలా అందుతోందో పరిశీలించి 2024 ఏప్రిల్‌లో పిల్లల డాక్టర్ హిలరీ కాస్ ఇచ్చిన నివేదికలో తగాదా ప్రధానంగా మందుల మీద, హార్మోన్ల మీద. మైనర్లకు ఈ వైద్యం చేయకూడదన్న టెనెసీ రాష్ట్ర చట్టం చెల్లుతుందని 2025 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల మెజారిటీతో తేల్చిన కేసులోనూ కోర్టు చూసింది మందుల సంగతే.

ఇక మన సంగతి. 2022 ఫిబ్రవరిలో నెల్లూరు లాడ్జి గదిలో ఇద్దరు బీఫార్మసీ విద్యార్థులు ప్రకాశం జిల్లా యువకుడికి ఈ ఆపరేషన్ చేయబోయి ప్రాణం తీశారు. పత్రికలన్నీ రాశాయి, మీరూ రాసే ఉంటారు. అతని వయసు ఇరవై ఎనిమిది. చట్టం అడ్డు లేని వయసు. సర్కారు ఆసుపత్రుల్లో ఈ వైద్యం అందించే ఏర్పాట్లు చేయాలని 2019లో పార్లమెంటు చేసిన చట్టంలోనే రాసుకున్నాం. అయినా ఆయనకు దొరికింది లాడ్జి మంచం. పెద్దవాళ్లకే తలుపు తెరుచుకోని చోట, "ఇంకో రెండేళ్లు ఆగు, మేమే చేస్తాం" అని పదహారేళ్ల బిడ్డకు ఏ మొహం పెట్టుకుని చెప్తాం? చెప్పినా నమ్ముతుందా? హైదరాబాద్ నారాయణగూడలో 2021లో ట్రాన్స్‌జెండర్ల కోసం పెట్టిన మిత్ర్ క్లినిక్ అమెరికా డబ్బుతో నడిచేది. అక్కడ ప్రభుత్వం మారి నిధులు ఆగేసరికి 2025లో ఇక్కడ షట్టర్ దిగింది. వేరే నిధులతో, వేరే పేరుతో మళ్లీ తెరిచారు, సంతోషం. కానీ ఇది మన ఖజానాలోంచి నడవాల్సిన పని కాదా?

ఇంకో మాట రాయకపోతే నిద్ర పట్టదు. పదహారేళ్ల పిల్ల అడిగితే "మైనర్, వీల్లేదు" అని గట్టిగా అనే మనం, మాటే రాని పసిబిడ్డ విషయంలో ఏం చేస్తున్నాం? ప్రసూతి వార్డులో బయటికి అడుగు పెట్టగానే "ఏ బిడ్డమ్మా?" అంటూ పది మంది చుట్టుముడతారు. చూడగానే ఆడో మగో తేలని బిడ్డ పుడితే ఆ ప్రశ్నకు జవాబు ఉండదు. "బాలసారె లోపు ఏదో ఒకటి చేసెయ్యండమ్మా, చుట్టాలకు ఏం చెప్పుకోం" అని అమ్మమ్మలు నా చేతులు పట్టుకుని ఏడ్చారు. ఆడపిల్లగా చేయడం తేలిక అన్న లెక్క మీద చేసినవీ చూశాను. అక్కడ సంతకానికి ఇబ్బందే లేదు, తల్లిదండ్రులు ఉంటారు. కత్తి పడేది మాత్రం అడగని ఒంటి మీద.

అన్నీ ఒకటని కాదు. కొందరు బిడ్డలకు ఒంట్లో ఉప్పు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది, మందులు వెంటనే పడాలి. మూత్రం దారి మూసుకుపోయి ఉంటే ఆపరేషన్ తప్పదు. నేననేది రూపం సరిచేయడానికి మాత్రమే చేసేవాటి గురించి. మద్రాసు హైకోర్టు 2019 ఏప్రిల్‌లో ఇలాంటివి ఆపమంది, తమిళనాడు ప్రభుత్వం ఆగస్టులో జీవో ఇచ్చింది. ఏడేళ్ల బిడ్డకు చేయిస్తామన్న తల్లిదండ్రులకు కేరళ హైకోర్టు 2023లో నేరుగా అనుమతి ఇవ్వలేదు. ప్రాణాపాయం ఉందో లేదో నిపుణుల కమిటీ చూసి చెప్పాలంది. మన రెండు రాష్ట్రాలూ అలాంటి జీవో తేవాలి. పద్దెనిమిది అనే గీత నిజంగా పిల్లల మేలు కోరి గీసిందే అయితే అది రెండు వైపులా పనిచేయాలి.

ఆ లోపు జిల్లా ఆసుపత్రుల్లో ఒక పని చేయవచ్చు. కౌమార వయసు వాళ్ల కోసం ఇప్పటికే క్లినిక్‌లు ఉన్నాయి. ఐరన్ మాత్రలు, నెలసరి, పొగాకు గురించి చెప్తారు. "నేను అబ్బాయిని కాదు" అని ఒక పిల్ల వచ్చి కూర్చుంటే నవ్వకుండా వినే కౌన్సెలర్‌ను వారానికి ఒక్క పూట అక్కడ కూర్చోబెట్టమనండి. సైకిల్ స్టాండు దగ్గర నిలబడే తండ్రులకు కూడా ఆ గదిలో ఒక కుర్చీ వేయమనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
తెనాలి