జూన్ పెక్టినేజ్ బ్యాచ్‌లో జరిగిన పొరపాటు

జూన్ రెండో వారంలో మా దగ్గర రసాన్ని తేటపరిచే ఎంజైము పెక్టినేజ్ తీసుకున్న పళ్ల రసం యూనిట్ల వారికి ఈ మాట. ఆ డబ్బాల మీద మేము ముద్రించిన బలం లోపలి సరుకులో లేదు. రసం తేటపడటం లేదని చిత్తూరు వైపు నుంచి ముగ్గురు ఫోను చేశారు. మోతాదు సరిగ్గా వేశారా, రసం వేడి ఎంత ఉందని నేను వారినే ఎదురు ప్రశ్నించాను. అలా అడిగినందుకు వారికి క్షమాపణ చెప్పాను. అందరి ముందూ మళ్లీ చెబుతున్నాను.

మా పద్ధతి మీలో చాలామంది వచ్చి చూసినదే. గోధుమ తవుడును తడిపి, నిమ్మ తొక్కల పొడి కలిపి, 121 డిగ్రీల ఆవిరిలో శుద్ధి చేస్తాం. చల్లారాక ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే నల్ల బూజు విత్తనం కలిపి ట్రేలలో పరుస్తాం. తొక్కల్లోని పెక్టిన్‌ను, అంటే రసాన్ని తేటపడనివ్వని జిగురును, కరిగించి తినడానికి ఆ బూజు వదిలేదే మీరు కొనే ఎంజైము. మూడు నాలుగు రోజులకు తవుడును నీటిలో నానబెట్టి, వడకట్టి దాన్ని రాబడతాం.

బూజు ప్రాణమున్నది. పెరిగేటప్పుడు వేడి పుట్టిస్తుంది. తవుడు ఆ వేడిని తొందరగా బయటికి పోనివ్వదు. అందుకే మా ట్రేలలో పొర ఎప్పుడూ మూడు సెంటీమీటర్లు దాటనిచ్చేవాళ్లం కాదు. తోతాపురి కాయ ఒక్కసారిగా దిగి, మీ ఆర్డర్లు పెరిగేసరికి దాన్ని ఆరు చేయమని చెప్పింది నేనే. గది 30 డిగ్రీల దగ్గరే ఉంది. పొర నడుమ మాత్రం 44 ఉందని తర్వాతి బ్యాచ్‌లో థర్మామీటరు గుచ్చినప్పుడు గానీ తెలియలేదు. పైన నల్లగా, నిండుగా కనిపించిన ట్రేని తిరగేస్తే అడుగున బూజు పట్టని తవుడు, పులిసిన వాసన.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన సంగతి కాదు. గోధుమ తవుడు మీద బూజు పెంచి ఎంజైము తీసే పద్ధతికి జపాన్ రసాయన శాస్త్రవేత్త టకమీనె జోకిచి అమెరికాలో పేటెంట్ పొందింది 1894లో. జపాన్‌లో కోజి (బూజు పట్టించిన గింజలు) చేసేవారు పొరను కలియబెడుతూ చల్లార్చడం అంతకన్నా ఎంతో పాతది. తెలిసి తెలిసీ తొందరపడ్డాను. అంతకు మించిన తప్పు ఇంకొకటి ఉంది: వడకట్టిన ద్రవానికి చేయాల్సిన ఆఖరి పరీక్ష ఆ వారం చేయలేదు. పై ట్రేల నుంచి తీసిన నమూనా అంకెనే డబ్బాల మీద వేశాం.

మీ దగ్గర మిగిలిన డబ్బాలు వాడకండి. మా బండి వచ్చి తీసుకెళ్తుంది. వాడేసిన వాటికి కూడా అంతే సరుకు ఉచితంగా ఇస్తాం.

ఇకపై ఎవరి ఎంజైము వాడినా ఒక్క పరీక్ష మీరే చేసుకోండి. వడకట్టిన రసం ఒక పాలు తీసుకుని, కొద్దిగా ఆమ్లం కలిపిన ఆల్కహాల్ రెండు పాళ్లు పోసి, పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచండి. జెల్లీలా ముద్ద కడితే పెక్టిన్ ఇంకా ఉన్నట్టే. మా సరుకు వేశాక ముద్ద కడితే, ఈసారి ఎదురు ప్రశ్నలు ఉండవు.

పొర మళ్లీ మూడు సెంటీమీటర్లకే వచ్చింది కాబట్టి జూలైలో అడిగినంత ఇవ్వలేము. ముందుగా జూన్ సరుకు మార్చాల్సిన వారికి పంపి, ఆ తర్వాతే కొత్త ఆర్డర్లు తీసుకుంటాం.