పెద్దల రైలు రాయితీ మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

కావలిలో లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక నాకు పక్షుల పిచ్చి పట్టుకుంది. చలికాలం వస్తే మా ఆవిడ పులిహోర కడుతుంది, మనవడు బైనాక్యులర్స్ మెడలో వేసుకుంటాడు, దొరవారిసత్రంలో దిగి నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్తాం. అక్కడ చెరువు నీళ్లలో పెరిగే కడప అనే చెట్ల మీద గూడబాతు (పెలికాన్) పిల్ల తల్లి ముక్కు సంచిలోకి తల దూర్చి చేపలు తింటుంటే వాడికి ఫోన్ గుర్తుకే రాదు. మా ఆవిడ మాత్రం ఆ వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది!

దగ్గరి ఊళ్లకైతే ఆర్టీసీ 60 దాటినవారికి 25 శాతం రాయితీ ఇస్తోంది. చిక్కంతా పుణేలో ఉన్న కూతురి దగ్గరికి, కాశీకి వెళ్లాలంటేనే. రైళ్లలో మగవారికి 40, ఆడవారికి 50 శాతం ఉన్న రాయితీని 2020 మార్చిలో కరోనా వేళ ఆపేశారు. లోయర్ బెర్త్ కోటా ఉంచారు, సంతోషం. మోకాళ్ల నొప్పులవాళ్లకు అదీ ముఖ్యమే. కానీ పెన్షన్ లేనివాళ్ల సంగతి? స్లీపర్, థర్డ్ ఏసీల్లోనైనా రాయితీ పరిశీలించమని పార్లమెంటరీ స్థాయీ సంఘమే చెప్పింది. మన ఎంపీలు దీన్ని సభలో గట్టిగా అడగాలి.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కావలి, నెల్లూరు జిల్లా